ప్రభావం అనే గడి

శనివారం మూడింటికి, ఆళ్వారుపేటలో,
చెప్పుల వరస మేడ మీంచి మెట్ల దాకా దిగుతుంది.
నా పని ముందు బల్ల దగ్గర.
వచ్చినవాళ్లని లెక్కపెడతాను, ఏసీ రిమోటు దాస్తాను,
మూడు నెలలకోసారి సియోలుకి వెళ్లే నివేదికలో
గళ్లు నింపుతాను.

హాజరు: నలభై మూడు.
పంచిన విసనకర్రలు: రెండు వందలు
(వానాకాలంలో వచ్చాయి, అయినా ఎవరూ వద్దనలేదు).
చివర్న ఒక గడి ఎప్పుడూ నా వంకే చూస్తుంది:
'ప్రభావం. ఒక్క వాక్యంలో.'

సభలకి వచ్చే పెద్దలకి ఆ వాక్యం నోటికొచ్చు.
ఎప్పుడో పడవెక్కి వెళ్లిన రాకుమారి కథ చెప్తారు,
కిమ్చికీ ఊరగాయకీ వియ్యం కలుపుతారు,
శాలువా కప్పించుకుని, కాఫీ తాగి వెళ్తారు.
నేను అవేవీ రాయను.

హ్వాంగ్ మిరాన్ టీచరుకి ఉపన్యాసాలు రావు.
సుద్దముక్కతో ఒక వంకర గీత గీసి
'ఇది నాలుక మడత బొమ్మ, మీరూ మడవండి' అంటుంది.
నలభై మూడు నాలుకలు మడతపడతాయి.

తాయారమ్మగారిది మింటు వీధి, అరవై ఏడేళ్లు.
మనవరాలికి తోడొచ్చింది,
మనవరాలు మానేసినా తను మానలేదు.
ఆవిడే మొదట పట్టుకుంది:
'వీళ్లూ మనలాగే క్రియని ఆఖర్న పెడతారే!
మాట పూర్తయ్యేదాకా లేచిపోవడానికి వీల్లేదు.'
మన బస్సు వాళ్ల నోట బొసు.
ఇంగ్లీషు మాట హల్లు దగ్గర తెగిపోతే
వాళ్లకీ మనసొప్పదు, ఓ అచ్చు అతికిస్తారు.
చివర వచ్చే ఆ 'యో' ఏమిటో
తరగతికి రెండు వారాలు అంతుపట్టలేదు.
'అండీ, అంతే' అని తేల్చేసింది తాయారమ్మ.
'మేం వా అనే మాటని వాంగ చేసినట్టు'
అంది ఎళిలరసి.

ఎళిలరసి ఒరగడం నుంచి వస్తుంది, రెండు బస్సులు మారి.
కార్ల ఫ్యాక్టరీలో సీటుబెల్టులు బిగించే లైను.
తను మొదట నేర్చింది తెర మీది కొరియన్:
వానలో గొడుగు పట్టే కొరియన్,
'తిన్నావా' అని అడిగే కొరియన్.
ఇక్కడ దానికి వ్యాకరణం దొరికింది.
వ్యాకరణం దొరికాక, ఒక రాత్రి షిఫ్టులో,
నాలుగేళ్లుగా తల మీంచి ఎగిరిపోతున్న మాటలు
ఉన్నట్టుండి భుజాల మీద వాలాయి.
'దీనికి చెప్పినా దండగ' అంటున్నాడు ఫోర్‌మన్
పక్కవాడితో,
ఆమె వంక చూసి కూడా కాదు.

ఏ దేశమూ ఇందుకని డబ్బు పంపదు.
విసనకర్రల మీద అచ్చెయ్యని కొరియన్ అది.

ఆమె స్పానరు కింద పెట్టి
'అరస్సొయో' అంది.
అర్థమైందండి.
ఆ 'యో'ని ఒక్క పిసరు సాగదీసి,
టీచరు చెప్పినట్టే.

లైను ఆగలేదు. లైను దేనికీ ఆగదు.
అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయట.
మూడు రోజులు మాటల్లేవు.
నాలుగో రోజు షిఫ్టు దిగేవేళ
అందరి మీదకీ రోజూ విసిరేసే 'సుగొహెస్సొ',
కష్టపడ్డావ్, అనే మాట అని,
గేటు దగ్గర నిలబడి,
దానికో తోక అతికించాడు.
'యో'.

ఇది చెప్తూ ఎళిలరసి నవ్వలేదు.
మిరాన్ టీచరు సుద్దముక్కని వేళ్ల మధ్య తిప్పుతూ
చాలాసేపు కిటికీ వంక చూసింది.
తర్వాత బోర్డు తుడిచి పాఠం మార్చింది:
'వద్దు' అనడం ఎన్ని రకాలు.

ఆ నెల గడిలో రాశాను:
'ఒక మనిషి మాట చివర అండీ చేరింది.'
టీచరు తన భాషలోకి మార్చి పంపింది.
పదిహేను రోజులకి జవాబు:
'దయచేసి అంకెల్లో తెలపండి.'

ఒకటి, అని రాశాను.

నా భుజం మీంచి తొంగిచూసి తాయారమ్మ
'మరి నేనో?' అంది.